పాప బడి మాటలు

మా పాపకి రెండున్నరేళ్ళు నిండిన నెలలో పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, లోపలికి పిలవకముందే ఒక కాగితం చేతికిచ్చారు. పిల్ల ఎన్ని మాటలు పలుకుతుంది, రెండు మాటలు కలిపి చెబుతుందా, చెప్పింది బయటివాళ్ళకి అర్థమవుతుందా, ఇలాంటి ప్రశ్నలు. మొదటిదాని దగ్గరే నా పెన్ను ఆగిపోయింది. అమ్మ, నాన్న, పాలు, నో, బై, అక్క. ఇంకా ఆలోచిస్తే కాకి. మొత్తం ఏడు. ఆ కాకి కూడా ఒకే ఒక్కసారి అంది, మళ్ళీ అనలేదు. అయినా రాశాను.

డాక్టర్ నెమ్మదిగానే మాట్లాడింది. కంగారు పడాల్సిందేమీ లేదంటూనే, ఈ వయసుకి ఇంకా చాలా మాటలు రావాలనీ, ముందు చెవులు పరీక్ష చేయించమనీ, ఊళ్ళో ప్రభుత్వ బడుల్ని చూసుకునే స్కూల్ డిస్ట్రిక్ట్ వాళ్ళకి ఫోన్ చేస్తే ఇంటికే వచ్చి చూస్తారనీ చెప్పింది. చెవులు బాగానే ఉన్నాయని తేలింది. ఇంటికొచ్చి చూసేవాళ్ళకి మాత్రం రెండు నెలల తర్వాత గానీ తారీకు దొరకలేదు. నేను చెప్పబోయేది చాలామటుకు ఆ రెండు నెలల్లో జరిగింది.

మేముండేది మినియాపోలిస్ పక్కన ఒక చిన్న ఊళ్ళో. నేను ఇన్సూరెన్స్ కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. మా ఆయన సోమవారం తెల్లవారగానే విమానమెక్కి క్లయింట్ ఆఫీసుకి వెళ్తే గురువారం సాయంత్రానికి ఇల్లు చేరతాడు. పాపకి ఏడాదిన్నర వచ్చినప్పటినుంచీ, రెండు వీధుల అవతల ఒకావిడ ఇంట్లోనే నడిపే డేకేర్‌లో వదులుతున్నాను. ఆవిడది ఇథియోపియా. అరవై దాటి ఉంటాయి. ఆవిడ మనవరాలు, మనవడు, ఇంకో ఇంటి పిల్లవాడు, మా పాప, అంతే అక్కడి పిల్లలు. ఎప్పుడు వెళ్ళినా ఇంట్లో కాఫీ గింజలు వేయించిన వాసన ఉండేది. ఇంగ్లీషు నెమ్మదిగా, ఒక్కో మాటా వెతికి తీసినట్టు మాట్లాడేది. నేను ఆంటీ అని పిలిచేదాన్ని. పాపేమో తలుపు తెరవగానే చేతులు చాచి "అక్కో" అనేది. అంత పెద్దావిణ్ణి పట్టుకుని అక్క అంటోందేమిటని మేమిద్దరం నవ్వుకునేవాళ్ళం. కాగితం మీద రాసిన ఏడు మాటల్లో ఆ అక్క ఇదే.

చేర్పించిన రోజు నేను చాలా ప్రశ్నలు అడిగాను. ఎప్పుడు పడుకోబెడతారు, ఏం పెడతారు, జ్వరమొస్తే ఏం చేస్తారు, చలిలో బయటికి తీసుకెళ్తారా. పిల్లలతో ఏ భాషలో మాట్లాడతారని మాత్రం అడగలేదు. అడగాలని తోచనే లేదు.

డాక్టర్ దగ్గర్నుంచి వచ్చిన వారంలోనే ఒక పుట్టినరోజు పార్టీకి వెళ్ళాం. అక్కడ నాకు తెలిసినావిడ ఒకామె, విషయం విని, నన్ను పక్కకి తీసుకెళ్ళింది. "మీరు ఇంట్లో తెలుగు ఆపేయండి. రెండు లాంగ్వేజెస్‌తో కన్ఫ్యూజ్ అవుతోంది, పాపం. మావాడికి కూడా ఇంగ్లీష్ ఒక్కటే పెట్టాం, రెండు నెలల్లో గడగడా మాట్లాడేశాడు" అంది. ఆవిడ మంచికే చెప్పింది. మేము కూడా మంచికే విన్నాం. మర్నాటినుంచి మా ఇంట్లో తెలుగు ఆగిపోయింది.

స్నానం చేయించేటప్పుడు లాల పోసుకుందామా అనేదాన్ని కాస్తా బాత్ టైమ్ అనడం మొదలుపెట్టాను. అన్నం తినిపిస్తూ ఆఫీసు మీటింగులో మాట్లాడినట్టు మాట్లాడేదాన్ని. సాయంత్రం బొమ్మల కార్డులు ముందేసుకుని కూర్చునేవాళ్ళం. సే యాపిల్, సే డాగ్. పాప ఒకసారి కార్డు వంక, ఒకసారి నా వంక చూసి, కార్డుని బోర్లా పెట్టేసి అక్కణ్ణుంచి లేచిపోయేది. మూడో వారానికి పాలు అనడం కూడా మానేసింది. ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి వేలు చూపించి ఊరుకునేది. ఏడు మాటలు నాలుగుకి దిగాయి. నేను కార్డులు రెండింతలు చేశాను.

అలాంటి ఒక గురువారం సాయంత్రం, మా ఆయన అప్పుడే వచ్చి బూట్లు విప్పుతున్నాడు. పాప సోఫా మీద తన బొమ్మలన్నిటినీ వరసగా కూర్చోబెట్టింది. చెక్క గరిటె ఒకటి పట్టుకుని ఎదురుగా నిలబడింది. ఒక బొమ్మ వైపు చెయ్యి చాచి, గట్టిగా, స్పష్టంగా అంది.

"కొట్టు."

తర్వాత ఆ బొమ్మని చెయ్యి పట్టి లాగి కింద పడేసింది. ఇంకో బొమ్మ వైపు తిరిగింది. మళ్ళీ కొట్టు. దాన్నీ లాగింది. ఐదు బొమ్మలూ నేల మీదికొచ్చేదాకా అదే ఆట.

మేమిద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. మా ఇంట్లో పిల్ల మీద ఎవరమూ చెయ్యెత్తింది లేదు. మా ఆయన గొంతు తగ్గించి, "ఈ మాట ఎక్కడ నేర్చుకుంది? అక్కడ తెలుగువాళ్ళెవరైనా ఉన్నారా?" అన్నాడు. ఎవరూ లేరన్నాను. కాసేపు ఆలోచించి, మాట మన దగ్గరే ఎప్పుడో విని ఉంటుంది, అక్కడ జరిగేదాన్ని ఆ మాటతో చెబుతోందేమో అన్నాడు. ఆయన అనకముందే నేను కూడా అదే అనుకుంటూ ఉన్నాను. భయం వేసినప్పుడు బుర్ర ఎంత వంకరగా లెక్క కట్టినా అది నిజమనే అనిపిస్తుంది. గరిటె పట్టుకున్న తీరు, లాగిన తీరు, ఈమధ్య నోరు మూసుకుపోవడం, అన్నీ ఒకదానికొకటి అతికాయి.

స్నానం చేయిస్తూ ఒళ్ళంతా వెతికాను. మోకాలి మీద చిన్న గీత తప్ప ఏమీ లేదు. అది నా ముందే పడినప్పుడు తగిలింది. డేకేర్ మార్చేద్దాం, ఇక పంపొద్దు అన్నాడు మా ఆయన. ఒకసారి కళ్ళతో చూడకుండా ఆవిణ్ణి మాట అనలేనన్నాను. తల్లిదండ్రులు ఎప్పుడైనా చెప్పకుండా రావచ్చని చేరేటప్పుడు ఇచ్చిన కాగితాల్లో రాసుంది. శుక్ర, సోమవారాలు పాపని ఇంట్లోనే ఉంచుకుని మంగళవారం వదిలిపెట్టాను; పదిన్నరకి, డెంటిస్ట్ దగ్గరికి వెళ్ళాలని ఆఫీసులో అబద్ధం చెప్పి బయల్దేరాను.

ఆవిడ ఇంటి పక్క తలుపుకి నంబర్ల తాళం ఉంటుంది, నంబరు మా అందరికీ తెలుసు. చప్పుడు కాకుండా తెరిచాను. లోపల చిన్న గది, పిల్లల స్నో బూట్లు, కోట్లు పెట్టుకునే బెంచీ. దాని తర్వాత అద్దం తలుపు. అద్దంలోంచి హాలంతా కనిపిస్తోంది.

గోడకి, పిల్లల ఎత్తులో, ఒక నల్లబల్ల. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు. చాప మీద పిల్లలు నలుగురూ వరసగా కూర్చున్నారు. ఆవిడ పొట్టి స్టూలు మీద, చేతిలో సన్నటి కర్ర. అది చూడగానే తలుపు పిడి మీద చెయ్యి వేశాను. ఆవిడ మనవరాలి వైపు చెయ్యి చాచి, అరచెయ్యి కిందికి పెట్టి, వేళ్ళు తన వైపు ఆడించింది.

"కొత్తు" అంది.

కొత్తు కాదు, కొట్టూ కాదు, ఆ రెండింటికీ మధ్య ఏదో. పిల్ల లేచి నవ్వుతూ ఆవిడ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ పుస్తకం చూపించి ఏదో అడిగింది, పిల్ల జవాబు చెప్పింది, ఆవిడ తల నిమిరింది, పిల్ల తిరిగొచ్చి కూర్చుంది. తర్వాత మా పాప వైపు చూసి మళ్ళీ అదే మాట అంది. మా పాప లేచింది. చేతులు వెనక్కి కట్టుకుని ఆవిడ ముందు నిటారుగా నిలబడింది.

"కున్ మాలి?" అని అడిగింది ఆవిడ, పుస్తకం పైకెత్తి.

"కితాబ" అంది మా పాప.

నోట్‌బుక్ చూపించింది. "దబ్తర." పెన్సిల్ చూపించింది. "ఇస్సాసీ." బల్ల, కుర్చీ, తలుపు, కిటికీ. ఒక్కోదానికి ఒక్కో మాట. ఎక్కడా తడుముకోలేదు. చివర్లో ఆవిడ ఏదో అంటే పాప మిగతా పిల్లల వైపు తిరిగి వేలు చూపిస్తూ వాళ్ళకి ఏదో ఆజ్ఞ వేసింది. అందరూ బుద్ధిగా సర్దుకుని కూర్చున్నారు. అది చూసి పాప పకపకా నవ్వింది.

నేను బూట్ల మధ్య బెంచీ మీద కూలబడ్డాను. ఏడాదిగా ఆ నోట్లోంచి నేను విన్న మాటలన్నీ కలిపినా అన్ని ఉండవు. ఏడుపు ఆగలేదు. 

పాప నన్ను చూసి అమ్మా అంటూ పరిగెత్తుకొచ్చింది. వెనకే ఆవిడ వచ్చింది. నా మొహం చూసి బెదిరిపోయి, ఇంట్లో అందరూ బాగున్నారా, ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగింది. నేను కళ్ళు తుడుచుకుని, మీరు పిల్లల్ని పిలిచేటప్పుడు అనే ఆ మాటకి అర్థమేమిటని అడిగాను.

"కొత్తు అంటే రా అని," అంది.

నేను తల వంచుకుని మొత్తం చెప్పేశాను. మా భాషలో ఆ మాటకి అర్థమేమిటో, పాప బొమ్మల్తో ఏం ఆడిందో, మేమేం అనుకున్నామో, నేను చెప్పాపెట్టకుండా ఎందుకొచ్చానో. చెప్పడం అయ్యాక ఆవిడ నల్లబల్ల వైపు చూస్తూ నిలబడింది. నొచ్చుకుందని తెలుస్తూనే ఉంది. తర్వాత నా పక్కన బెంచీ మీద కూర్చుంది. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే, కానీ ఆ రోజు ఆవిడన్న మాటలు నాకు తెలుగులోనే గుర్తున్నాయి.

"వచ్చి చూశావు, మంచి పని చేశావు. నా మనవరాలైతే నేనూ వచ్చి చూసేదాన్ని," అంది. కాస్త ఆగి, "నేను కూడా నిన్ను ఒకటి అడగాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. మీ ఇంట్లో ఈ పిల్లతో ఎవరూ మాట్లాడరా?"

ఎందుకలా అడుగుతున్నారన్నాను.

ఆవిడ చెప్పింది. మొదట్లో పాప పొద్దున్నే వచ్చేటప్పుడు తనలో తను ఏదో పాడుకుంటూ, గొణుక్కుంటూ వచ్చేదట. ఈమధ్య నెల రోజులుగా నోరు బిగించుకుని వస్తోందట. గంటసేపు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే గానీ తెరుచుకోవడం లేదట. మీ ఆయనా నువ్వూ పోట్లాడుకుంటున్నారేమో అనుకున్నాను, ఎలా అడగాలో తెలియక ఊరుకున్నాను అంది. నేను ఆవిణ్ణి అనుమానిస్తున్న రోజుల్లోనే ఆవిడ మమ్మల్ని అనుమానిస్తోందన్నమాట. ఎందుకో అది విన్నాక నాకు కొంచెం తేలికపడింది. ఇంగ్లీష్ సంగతి, కార్డుల సంగతి చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"నీ భాషలో మాట్లాడు. నేర్పడానికి కాదు. ఊరికే మాట్లాడు."

ఆవిడ భాష పేరు ఒరోమో అని ఆ బెంచీ మీదే తెలుసుకున్నాను. వాళ్ళ ఊళ్ళో ఆవిడ ఒకటో తరగతి పంతులమ్మ. మనవలకి సొంత భాష రాకుండా పోతుందేమోనని రోజూ పొద్దున ఓ అరగంట బడి ఆట ఆడిస్తోంది. మా పాపని విడిగా వదిలెయ్యడం ఎందుకని వాళ్ళతోపాటే కూర్చోబెట్టిందట. ఇక అక్కో సంగతి. వాళ్ళ భాషలో అక్కో అంటే నాయనమ్మ, అమ్మమ్మ. మనవలు పిలిచినట్టే మా పాప కూడా పిలుస్తోంది. మేము నవ్వుకున్న తప్పు పాపది కాదు.

కారులో కూర్చుని మా ఆయనకి ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను.

"అంటే... మాట్లాడుతోందా?" అన్నాడు.

"మాట్లాడుతోంది."

"ఎన్ని మాటలు?"

"లెక్కపెట్టలేదు," అన్నాను. అవతల ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. ఆ మాటలన్నీ నాకు కూడా రాసి పంపించు అన్నాడు.

రాయాలంటే ముందు నాకు రావాలి. అందుకని ఆవిణ్ణి బతిమాలాను. శనివారం పొద్దున తన పెద్ద కూతురి పిల్లలు, బడికెళ్ళేవాళ్ళు, అక్షరాలు నేర్చుకోవడానికి వస్తారు, నువ్వూ వాళ్ళ వెనక కూర్చో అంది. అలా ముప్ఫై నాలుగేళ్ళ వయసులో నేను మళ్ళీ ఒకటో తరగతిలో చేరాను. చిన్న చాప మీద మోకాళ్ళు ఎటు పెట్టుకోవాలో తెలిసేది కాదు.

ఒరోమోని ఇంగ్లీషు అక్షరాల్లోనే రాస్తారు. దీర్ఘం వస్తే అచ్చుని రెండుసార్లు రాస్తారు, ఒత్తు వస్తే హల్లుని రెండుసార్లు. నేను నా పుస్తకంలో తెలుగు అక్షరాల్లో రాసుకున్నాను. దీర్ఘాలూ ఒత్తులూ మన లిపిలో చక్కగా ఒదిగిపోయాయి. లఫ అంటే నేల, లాఫా అంటే మెత్తన. ఈ తేడా దగ్గర అమెరికాలో పుట్టిన ఆ పిల్లలు తడబడుతుంటే నేను మొదటిసారే పట్టుకున్నాను, ఆవిడ మెచ్చుకుంది. ఆ గర్వం పది నిమిషాలు కూడా నిలవలేదు. గొంతులో ఒక్క క్షణం గాలి ఆపి టక్కున వదిలే శబ్దాలు ఆ భాషలో కొన్ని ఉన్నాయి. పరీక్షకి వాళ్ళు అనే మాట, ఖోర్మాత లాంటిది, దాంతోనే మొదలవుతుంది. నేను పలికినప్పుడల్లా పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవారు.

పంతులమ్మ బర్సీస్తూ. చదువుకునే అమ్మాయి బరత్తూ. నేను కంగారులో ఆవిడతో నేనే పంతులమ్మనని చెప్పుకున్నాను ఒకసారి. కితాబ, దబ్తర వింటే కొత్తగా అనిపించలేదు. కితాబు, దఫ్తరు అనే మాటలు మన దగ్గరా ఉన్నాయిగా, ఒకే దారిన అటూ ఇటూ వెళ్ళి ఉంటాయి. బడిని మన బరుంసా అంటారు. మన అంటే ఇల్లు, బరుంసా అంటే చదువు. చదువుల ఇల్లు. మన అంటే మా భాషలో మీవీ మావీ కలిపినవి అని చెబితే, ఆవిడ ఆ మాటని రెండుసార్లు పెదవులతో పలికి చూసుకుంది.

ఇంట్లో కార్డులు అటక మీదికి వెళ్ళిపోయాయి. తెలుగు తిరిగొచ్చింది. సాయంత్రం పాప పంతులమ్మ, బొమ్మలూ నేనూ పిల్లలం. నన్ను పిలిచేది, నేను లేచి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడేదాన్ని. పుస్తకం చూపించి కున్ మాలి, అంటే ఇదేమిటి, అనేది. కితాబ అనేదాన్ని. గారీ, అంటే బాగుంది అని, నా తల నిమిరేది. గరిటె ఎందుకో కూడా అప్పుడర్థమైంది, అది నల్లబల్ల మీది అక్షరాలు చూపించే కర్ర. నేను కితాబ అన్నాక, పాపని అనమనకుండా, నా మానాన నేను పుస్తకం అని కూడా అనేదాన్ని. పన్నెండు రోజులు అలా గడిచాయి. పదమూడో రోజు నేను కితాబ అంటే పాప నన్ను దిద్దింది.

"పుత్తకం," అంది.

గురువారం వచ్చాక మా ఆయన కూడా బొమ్మల పక్కన కూర్చున్నాడు. ఆయనకి దబ్తర ఎప్పుడూ గుర్తుండదు. పాప ఆయన్ని మూడుసార్లు నిలబెట్టింది.

స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచి స్పీచ్ థెరపిస్ట్ వచ్చే రోజుకి నా దగ్గర నాలుగు పేజీల పట్టిక తయారైంది. పాప పలికే తీరు, అది ఏ భాష, దానికి అర్థం. మా డేకేర్ ఆవిణ్ణి కూడా రమ్మని అడిగితే, మనవల్ని కూతురికి అప్పజెప్పి, మంచి చీరలాంటి తెల్ల పైబట్ట కప్పుకుని వచ్చింది. థెరపిస్ట్ వయసులో చిన్నది, బొమ్మల పెట్టె ఒకటి మోసుకొచ్చింది. పట్టిక చూసి, ఇంటి భాష తెలుగు అని మాత్రమే తన కాగితాల్లో ఉందనీ, మూడో భాష ఉందని తెలియకపోతే ఈ మాటలన్నిటినీ అర్థంలేని శబ్దాలని రాసుకునేదాన్ననీ ఉన్నదున్నట్టు చెప్పింది. ఏ భాషలో వచ్చినా మాట మాటేనని, అన్నీ కలిపే చూస్తానని కూడా చెప్పింది.

మొదటి పావుగంట పాప నోరు తెరవలేదు. థెరపిస్ట్ కారు చూపించింది, కుక్కపిల్లని చూపించింది. పాప గోడకి ఆనుకుని చూస్తూ నిలబడింది. చెప్పమ్మా అని నా నోటి చివరిదాకా వచ్చింది. పక్కనుంచి ఆవిడ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది. ఊరుకున్నాను.

థెరపిస్ట్ ఓపిగ్గా కింద కూర్చుంది. ఆమె కూర్చున్న చోటు సరిగ్గా పాప బొమ్మల వరస చివర. పాప కాసేపు ఆమెని పరీక్షగా చూసింది. వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"క-ఇ," అంది, మధ్యలో గొంతు ఆపి.

థెరపిస్ట్ మా వైపు చూసింది. "నిన్ను లేచి నిలబడమంటోంది," అని చెప్పింది మా డేకేర్ ఆవిడ. ఆమె లేచి నిలబడింది. అక్కణ్ణుంచి గంటసేపు ఆ అమ్మాయికి కూర్చోవడం, లేవడం, పుస్తకం తెరవడం, మూయడం, అదే పని. మధ్యలో పాప దాహం వేసి నా దగ్గరికొచ్చి పాలు కావాలి అంది. రెండు మాటలు, ఒకదాని పక్కన ఒకటి. థెరపిస్ట్ నన్నడిగి వాటిని రాసుకుంది.

పది రోజులకి ఉత్తరం వచ్చింది. మూడు భాషల మాటలూ కలిపి చూస్తే పాప వయసుకి తగినట్టే ఉందనీ, వేరే సాయమేదీ అవసరం లేదనీ, ఆరు నెలల తర్వాత ఒకసారి ఫోన్ చేసి చెబితే చాలనీ. మెయిల్ బాక్స్ దగ్గర మంచులోనే నిలబడి రెండుసార్లు చదివాను. చేతి తొడుగులు లేవని ఇంట్లోకి వచ్చాక గుర్తొచ్చింది. సాయంత్రం పాపని తీసుకురావడానికి వెళ్ళినప్పుడు ఉత్తరం ఆవిడ చేతిలో పెట్టాను. కళ్ళజోడు పెట్టుకుని, ఇంగ్లీషు కదా, వేలు పెట్టి లైను లైనూ చదివింది. చదివాక మడిచి ఇచ్చేసి, కాఫీ తాగి వెళ్ళమంది. గింజలు వేయించి, దంచి, మూడు విడతలుగా పోసే ఆ కాఫీకి గంటన్నర పట్టింది.

ఇప్పుడు పాపకి నాలుగు దాటాయి. మూడు భాషల్లో అడ్డూ ఆపూ లేకుండా మాట్లాడుతుంది. ఎవరితో ఏది మాట్లాడాలో తనకి తెలుసు. నేను శనివారాలు మానలేదు. రెండో వాచకంలోకి వచ్చాను.

పోయిన నెల ఆవిడ మాకందరికీ పరీక్ష పెట్టింది. పది మాటలు. ఆవిడ ఇంగ్లీషులో చెబుతుంది, మేము ఒరోమోలో రాయాలి. తొమ్మిదో మాట స్నేహితుడు. నాకు ఎంతకీ తట్టలేదు. పక్కన రంగులు వేసుకుంటున్న పాప తలెత్తకుండానే నా చెవి దగ్గరికి జరిగి "హిరియా" అంది. రాసేశాను. ఆవిడ కళ్ళజోడు పైనుంచి మా ఇద్దర్నీ చూసింది. దిద్దిన కాగితం తిరిగొచ్చాక చూస్తే నాకు తొమ్మిది వేసింది. ఆ పదో మార్కు పాప రంగుల కాగితం మూల మీద ఎర్ర పెన్సిల్‌తో రాసి ఉంది.